కరిగేలోపే కాలిపోయే ప్లాస్టిక్

పొలంలో పీవీసీ పైపుకు అతుకు వేసే రైతును ఎప్పుడైనా గమనించారా? చేతిలో కప్లింగ్ లేకపోతే పైపు కొసను మంట మీద తిప్పుతూ వేడి చేస్తాడు. ఎండుగడ్డి మంటైనా చాలు. కొస మెత్తబడగానే రెండో పైపును అందులోకి బలంగా దూర్చి, తడిగుడ్డ చుట్టి చల్లారుస్తాడు. అంతే, సాకెట్ తయారు. చేయి తిరిగినవాడైతే పైపు రంగు కూడా మారదు. ఒక్క నిమిషం ఏమరుపాటున ఉంటే మాత్రం కొస లేత పసుపుకు తిరుగుతుంది, ఆ వెంటనే గోధుమ రంగులోకి దిగుతుంది, ముక్కుపుటాలు అదిరే ఘాటు వాసన వస్తుంది. కళ్లు మండుతాయి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా మూత తీసినప్పుడు వచ్చే వాసన లాంటిదే అది. లాంటిది కాదు, అదే. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, కాబట్టి వంచడానికి మరిగే నీళ్లు చాలు. కానీ పైపుగా పోత పోయాలంటే మెత్తబడితే సరిపోదు, ముద్దగా కరిగి ప్రవహించాలి. అందుకు 170 నుంచి 200 డిగ్రీల దాకా వేడి కావాలి. ముడి పీవీసీ అయిన రెసిన్ పొడి మాత్రం, ఒంటరిగా వదిలేస్తే, 100 డిగ్రీలు దాటగానే నెమ్మదిగా చెడిపోవడం మొదలుపెడుతుంది. అంటే కరగాల్సిన వేడి కన్నా చెడిపోయే వేడే తక్కువ. కరిగేలోపే కాలిపోయే సరుకు అన్నమాట. అలాంటి పొడిని ఫ్యాక్టరీలో ఇనుప బ్యారెల్‌లోకి తోసి, స్క్రూతో నలిపి, నిమిషాల తరబడి వేడి చేసి, డై అనే అచ్చు గుండా బయటికి తీస్తే, బూడిద రంగు పైపు వాసనా మరకా లేకుండా నిగనిగలాడుతూ ఎలా వస్తోంది?

వంద కిలోల రెసిన్‌కు రెండు మూడు కిలోల తెల్లటి పొడి కలుపుతారు. ఆ పొడి పేరు స్టెబిలైజర్. మన ఇళ్లలో ఆ మాట వింటే ఫ్రిజ్ పక్కన గుర్రుమనే వోల్టేజి పెట్టె గుర్తొస్తుంది గానీ, పైపుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్‌ను అడిగితే చూపించేది సంచుల్లోని ఈ పొడినే. ప్లాస్టిక్ గురించి రాసేవాళ్లు పాలిమర్ (ప్లాస్టిక్‌లోని పొడవాటి గొలుసు అణువు) గురించి పేజీలకు పేజీలు రాస్తారు, దీన్ని ‘ఇతర పదార్థాలు’ అనే మాటలో కలిపేస్తారు. నా దృష్టిలో అసలు కథ ఆ ఇతర పదార్థాలలోనే ఉంది. పైగా ఆ కథలో ఆసక్తికరమైన ప్రశ్న ‘ఈ పొడి ఎలా కాపాడుతుంది’ అన్నదొక్కటే కాదు. కాపాడాక అది తాను ఏమవుతుంది? సీసం పోయి కాల్షియం రావడానికి, మీ బీరువాలోని తెల్లచీర పసుపెక్కడానికి కూడా జవాబు ఆ రెండో ప్రశ్నలోనే దొరుకుతుంది.

తీగ లాగితే డొంకంతా

పీవీసీ, అంటే పాలీవినైల్ క్లోరైడ్, ఒక పొడవాటి కార్బన్ గొలుసు. ఒక కార్బన్ వదిలి ఒక కార్బన్‌కు క్లోరిన్ పరమాణువు అంటుకుని ఉంటుంది. బరువులో చూస్తే దాదాపు 57 శాతం క్లోరినే. అంటే మన పైపుల్లో సగానికి పైగా ఉప్పు నుంచి వచ్చిన సరుకే. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టు ఈ గొలుసు ఎక్కడా లోపం లేకుండా ఉంటే, ఇంత తొందరగా చెడిపోదు. పీవీసీ గొలుసును పోలిన చిన్న క్లోరిన్ అణువులు దీనికన్నా చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కానీ ఫ్యాక్టరీ రియాక్టర్‌లో లక్షల గొలుసులు ఒకేసారి పెరిగేటప్పుడు అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. ఒకచోట అనవసరంగా కొమ్మ మొలుస్తుంది. ఒకచోట ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట బంధం) మిగిలిపోతుంది. అలాంటి చోట్ల ఉన్న క్లోరిన్ పట్టు సడలి, వదులు పన్నులా కదులుతూ ఉంటుంది. వెయ్యి యూనిట్లలో ఒకటో రెండో ఉంటాయేమో ఇలాంటివి. అవి చాలు.

వేడి తగలగానే ఆ వదులు క్లోరిన్ పక్కనున్న హైడ్రోజన్‌ను వెంటబెట్టుకుని హైడ్రోజన్ క్లోరైడ్‌గా లేచిపోతుంది. అది పోయిన చోట ఒక ద్విబంధం మిగులుతుంది. ద్విబంధం పక్కనున్న క్లోరిన్‌కు ఇప్పుడు పట్టు సడలుతుంది. అదీ పోతుంది. తర్వాతది కూడా. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు గొలుసు పొడవునా ఇదే తంతు. రసాయన శాస్త్రవేత్తలు దీన్ని జిప్పు ఊడిపోవడంతో పోలుస్తారు. ఇది చాలదన్నట్టు, బయటికొచ్చిన హైడ్రోజన్ క్లోరైడ్ అక్కడే ఉండి పక్క గొలుసులలోని క్లోరిన్లను కూడా ఊడదీయడానికి సాయపడుతుంది. తన పుట్టుకను తానే వేగవంతం చేసుకునే చర్య ఇది. ఆ ఆమ్లం బ్యారెల్‌లోని ఇనుమును తింటుంది. అందులోంచి పుట్టిన ఐరన్ క్లోరైడ్ మళ్లీ ప్లాస్టిక్‌ను మరింత చెడగొడుతుంది. అగ్నికి ఆజ్యం తోడైనట్టే.

రంగు మారడం ఎందుకో తెలుసుకోవాలంటే వంటింట్లోకి వెళ్లాలి. క్యారెట్ నారింజ రంగులో ఉండడానికి కారణం బీటా కెరోటిన్, టమాటా ఎర్రగా ఉండడానికి కారణం లైకోపీన్. రెండింటిలోనూ ఒకటి విడిచి ఒకటిగా వరుసగా 11 ద్విబంధాలు ఉంటాయి. ఒకదానితో ఒకటి కలిసిపోయిన అలాంటి వరుస కాస్త పొడవుగా సాగితే అది నీలి వెలుగును మింగేస్తుంది, మన కంటికి పసుపు కనిపిస్తుంది. వరుస ఇంకా సాగితే నారింజ, ఎరుపు, గోధుమ, చివరికి నలుపు. చెడిపోతున్న పీవీసీలో తయారయ్యేవి కూడా సరిగ్గా ఇలాంటి వరుసలే. రైతు చేతిలో పసుపెక్కిన పైపు కొస ఒక రకంగా క్యారెట్ రసాయనమే. ఆరేడు ద్విబంధాలు వరుసగా పడితే చాలు, రంగు కంటికి ఆనుతుంది. అందుకే పైపు బలం ఏమాత్రం తగ్గకముందే రంగు మారిపోతుంది. రంగు చూసి సరుకును తిరస్కరించే కొనుగోలుదారు తొందరపాటు మనిషి కాదు. చెడడానికి మొదటి సాక్ష్యం అదే.

ఈ గుణం వల్లే పీవీసీ చాలాకాలం పనికిరాని సరుకుగా పడి ఉంది. 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆయ్‌గెన్ బౌమన్ ఎండలో వదిలేసిన, పీవీసీకి ముడిసరుకైన వినైల్ క్లోరైడ్ సీసాలో తెల్లటి గట్టి పదార్థం తయారవడం గమనించాడు. 1913లో ఫ్రిట్జ్ క్లాటె దానికి పేటెంట్ తీసుకున్నాడు. అయినా దాన్ని చెడకుండా కరిగించి అచ్చు పోసే దారి దొరక్కపోవడంతో ఆ పేటెంట్‌ను 1920ల మధ్యలో వదిలేశారు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, పీవీసీని ద్రావకాలతో వేడి చేస్తే మెత్తగా సాగే పదార్థం వస్తుందని కనుక్కున్నాడు. అక్కడి నుంచి దాని దశ తిరిగింది. అయితే గట్టి పైపులు పోయాలంటే మెత్తబరిచే నూనెలు పనికిరావు. 1930ల నుంచి ఒక్కొక్కటిగా వచ్చిన స్టెబిలైజర్లే ఆ దారి తెరిచాయి.

సీసం ఎందుకు గెలిచింది

స్టెబిలైజర్ చేయాల్సిన పనులు ప్రధానంగా రెండు. ఒకటి, లేచిన ఆమ్లాన్ని లేచినచోటే పట్టేయడం. రెండోది, వదులుగా ఉన్న క్లోరిన్‌ను అది ఊడకముందే తొలగించి, ఆ స్థానంలో గట్టిగా పట్టి ఉండే మరో గుంపును కూర్చోబెట్టడం. మొదటిది నీళ్లు కారే కుళాయి కింద బకెట్ పెట్టడం, రెండోది కుళాయికి కొత్త వాషరు వేయడం. బకెట్ నిండిపోతుంది, వాషరు అరుగుతుంది. అందుకే ఏ స్టెబిలైజరూ చెడడాన్ని ఆపేయలేదు. వాయిదా వేయగలదు, అంతే. బ్యారెల్‌లోకి వెళ్లి డై బయటికి వచ్చే ఆ కొన్ని నిమిషాలు, తర్వాత తుక్కుగా మళ్లీ ఒకటి రెండుసార్లు తిరిగొచ్చే నిమిషాలు, ఆపైన కాస్త భద్రత కోసం మిగులు. దీనికి ఎంత పొడి సరిపోతుందో లెక్కగట్టడమే ఫార్ములా వేసేవారి పని.

కరెంటు పోయినప్పుడు పైపుల ఫ్యాక్టరీలో ఉరుకులు పరుగులు చూస్తే ఈ లెక్క ఎంత సన్నటి తీగ మీద నడుస్తుందో అర్థమవుతుంది. స్క్రూ ఆగిపోతుంది గానీ బ్యారెల్ వేడి తగ్గదు. లోపలి ముద్ద అక్కడే ఉడుకుతూ ఉంటుంది. స్టెబిలైజర్ చివరి గింజ వరకు ఖర్చవుతుంది, ఆ తర్వాత అంతా ఒక్కసారిగా మాడి బొగ్గులా స్క్రూకు అతుక్కుపోతుంది. అప్పుడు డై విప్పి, స్క్రూ బయటికి లాగి, ఇత్తడి గరిటెలతో గీకాల్సిందే. పాలిథీన్ అయితే చల్లారి గడ్డకట్టి కూర్చుంటుంది, కరెంటు రాగానే మళ్లీ వేడెక్కి కదులుతుంది. పీవీసీకి ఆ ఓపిక లేదు.

మొదటి దశాబ్దాల్లో ఈ పోటీలో గెలిచింది సీసమే. ట్రైబేసిక్ లెడ్ సల్ఫేట్, డైబేసిక్ లెడ్ ఫాస్ఫైట్, లెడ్ స్టియరేట్ లాంటి లవణాలు. వాటిలో లెడ్ ఆక్సైడ్ భాగం ఎక్కువ కాబట్టి ఆమ్లాన్ని ఆబగా పట్టేస్తాయి. చౌక. లెడ్ స్టియరేట్ అయితే కందెనగా కూడా పనిచేసి ముద్ద స్క్రూకు అంటకుండా చూస్తుంది. అయితే అసలు గొప్పతనం ఆమ్లాన్ని పట్టుకున్నాక మిగిలే లెడ్ క్లోరైడ్‌లో ఉంది. అది మహా బద్ధకపు పదార్థం. పక్కనున్న క్లోరిన్లను రెచ్చగొట్టదు, తేమను పీల్చదు, కరెంటును మోయదు. ఈ చివరి రెండు గుణాల వల్లే వైర్ల మీద వేసే పీవీసీ తొడుగుల్లో సీసం అంతకాలం రాజ్యమేలింది.

ప్లాస్టిక్ వైపు నుంచి చూస్తే ఇంతకన్నా మంచి పదార్థం దొరకదు. మనిషి వైపు నుంచి చూస్తే? పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే లోహం అది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 0.01 మిల్లీగ్రామును మించి సీసం ఉండరాదంటుంది. గట్టి పైపు గోడలో ఇరుక్కుపోయిన సీసం అంత తేలిగ్గా బయటికి రాదు, కొత్త పైపు లోపలి గోడ పైపొర నుంచి మొదట్లో కొంత నీళ్లలోకి దిగుతుంది, తర్వాత తగ్గుతుంది. నిజానికి ఎక్కువ ముప్పు పైపులో నీళ్లు తాగేవారికన్నా ముందున్నవారికి, వెనకున్నవారికి. ముందున్నవారంటే మిక్సర్ పక్కన సంచి విప్పి పొడి తూచే కార్మికులు. వెనకున్నవారంటే పాత పైపులను, వైర్లను తగలబెట్టి రాగి ఏరుకునేవారు, తుక్కు మిల్లుల్లో ఆ దుమ్ము పీల్చేవారు.

యూరప్‌లో పీవీసీ పరిశ్రమ తనంతట తానుగా గడువు పెట్టుకుని 2015 చివరికల్లా సీసాన్ని వదిలేసింది. సీసం లాగే స్టెబిలైజర్లలో వాడిన కాడ్మియం అంతకుముందే పోయింది, దాని గురించి ఎక్కువ చెప్పుకోవాల్సిన పని లేదు, విషంలో సీసానికి అన్నయ్య. మన దేశంలో పైపులు, ఫిట్టింగుల్లో సీసపు స్టెబిలైజర్ మీద కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021లో నియమాలు తెచ్చింది.

జింకుకు తొందర, కాల్షియానికి నిదానం

సీసం స్థానంలో వచ్చింది కాల్షియం, జింకుల జంట. ఈ జంట ఎందుకో తెలుసుకోవడానికి ల్యాబులో జరిగే ఒక సాదా పరీక్షను దగ్గరగా చూద్దాం.

రెసిన్‌లో స్టెబిలైజర్ కలిపి, వేడి రోళ్ల మధ్య పల్చటి పట్టీగా సాగదీస్తారు. పట్టీని చిన్న ముక్కలుగా కత్తిరించి 180 లేదా 190 డిగ్రీల ఓవెన్‌లో పెడతారు. పది నిమిషాలకొక ముక్క బయటికి తీసి అట్ట మీద వరుసగా అంటిస్తారు. పూర్తయిన అట్ట చూస్తే పాల తెలుపు నుంచి బొగ్గు దాకా రంగులన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు మూడు అట్టలు పక్కపక్కన పెట్టండి.

జింకు స్టియరేట్ ఒక్కటే వేసిన అట్టలో మొదటి రెండు మూడు ముక్కలు పాలలా తెల్లగా ఉంటాయి. ఆ తర్వాతి ముక్క నల్లగా ఉంటుంది. మధ్యలో పసుపు లేదు, గోధుమ లేదు. తెలుపు, ఆ వెంటనే తారు. కాల్షియం స్టియరేట్ ఒక్కటే వేసిన అట్టలో మొదటి ముక్కకే పసుపు జీర కనబడుతుంది. ఆ పసుపు నెమ్మదిగా నారింజకు, గోధుమకు తిరుగుతూ చాలాసేపు సాగుతుంది, నల్లబడడానికి బాగా ఆలస్యమవుతుంది. రెండూ కలిపి వేసిన మూడో అట్టలో తెలుపు చాలాసేపు నిలుస్తుంది, ఆపైన రంగు మెల్లగా దిగుతుంది.

కారణం ఇదీ. జింకు చురుకైనది. వదులు క్లోరిన్ కనబడగానే దాన్ని లాగేసి తనతో ఉన్న స్టియరేట్‌ను (కొవ్వు ఆమ్లపు భాగాన్ని) అక్కడ కూర్చోబెడుతుంది. వాషరు మార్చే పని దానిది. కాబట్టే మొదట్లో అంత తెలుపు. కానీ ఆ పని అయ్యాక మిగిలేది జింక్ క్లోరైడ్. రసాయన శాస్త్రంలో దీన్ని లూయీ ఆమ్లం అంటారు. ఎలక్ట్రాన్ల కోసం ఎగబడే స్వభావం దానిది, క్లోరిన్లను ఊడదీయడంలో ఘనాపాఠి. అది కాస్త పోగుపడిందంటే, కాపలాకు పెట్టినవాడే తాళం పగలగొట్టినట్టు గొలుసులన్నీ ఒక్కసారిగా విచ్చుకుపోతాయి. జింకు వల్ల మాడిపోవడం అని దీనికి ఫ్యాక్టరీల్లో ప్రత్యేకంగా పేరే ఉంది. కాల్షియం నిదానపు మనిషి. గొలుసు మీది క్లోరిన్ల జోలికి అంతగా పోదు. కానీ జింక్ క్లోరైడ్ కనబడితే దాని క్లోరిన్‌ను తాను తీసుకుని, తన స్టియరేట్‌ను జింకుకు ఇచ్చేస్తుంది. జింకు మళ్లీ జింక్ స్టియరేట్‌గా మారి కొత్త పనికి సిద్ధమవుతుంది. మిగిలేది కాల్షియం క్లోరైడ్, గొలుసుకు ఏ హానీ చేయని లవణం.

సీసం కథను దీనితో పోల్చి చూడండి. లెడ్ క్లోరైడ్ ప్లాస్టిక్‌కు హాని చేయదు, సీసంగా మనిషికి చేస్తుంది. జింక్ క్లోరైడ్ వ్యవహారం తలకిందులు. పైపులో ఉన్నంత మోతాదులో జింకు వల్ల మనిషికి భయం లేదు, ప్లాస్టిక్‌కే గండం. గత మూడు నాలుగు దశాబ్దాల స్టెబిలైజర్ పరిశోధనంతా ఈ ఒక్క తలకిందుల వ్యవహారాన్ని సర్దడమేనంటే అతిశయోక్తి కాదు.

కాల్షియం ఒక్కటే ఆ సర్దుబాటు పూర్తిగా చేయలేదు. అందుకే ఇప్పుడు ఒకే సంచిలో వచ్చే ‘వన్ ప్యాక్’ స్టెబిలైజర్‌లో చాలామంది సహాయకులు ఉంటారు. పెంటాఎరిథ్రిటాల్ లాంటి పాలీఆల్‌లు జింక్ క్లోరైడ్‌ను చుట్టుముట్టి దాని కాళ్లూ చేతులూ కట్టేస్తాయి. బీటా డైకీటోన్‌లు జింకుతో చేయి కలిపి మొదటి నిమిషాల తెలుపును మెరుగుపరుస్తాయి. ఎపాక్సీకరించిన సోయా నూనె ఆమ్లాన్ని పట్టుకుంటుంది. వీటన్నిటిలో నాకు ముచ్చటగా అనిపించేది హైడ్రోటాల్సైట్. మెగ్నీషియం, అల్యూమినియంల పొరలు పొరలుగా ఉండే ఖనిజం అది. పొరల మధ్య ఇరుక్కున్న కార్బొనేట్ బయటికొచ్చి, ఆ స్థానంలోకి క్లోరైడ్ వెళ్లి కూర్చుంటుంది, ఇక కదలదు. ఇదే ఖనిజాన్ని కడుపులో మంటకు యాంటాసిడ్‌గా కూడా వాడతారు. కడుపులో మంట పెట్టేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, బ్యారెల్‌లో మంట పెట్టేదీ అదే. మందు ఒకటే కావడంలో వింత లేదు.

ఈ జంటకు ఇబ్బందులు లేవని కాదు. కాల్షియం క్లోరైడ్ తేమను పీలుస్తుంది, అందుకని వైర్ల తొడుగుల్లో సీసాన్ని మార్చడం పైపుల్లో మార్చినంత తేలికగా జరగలేదు. కందెన గుణం కూడా సీసానికీ దీనికీ తేడా. సీసం అలవాటున్న ఆపరేటరు పాత ఉష్ణోగ్రతలకే మెషీన్ నడిపితే ముద్ద ముందుగా కరిగో, ఆలస్యంగా కరిగో ఇబ్బంది పెడుతుంది. కందెనగా వేసే మైనం పాళ్లు, బ్యారెల్‌లో ఒక్కో జోన్ వేడి మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

అమెరికా మాత్రం మొదటినుంచీ వేరే దారిలో నడిచింది. అక్కడి నీటి పైపుల్లో తగరపు సమ్మేళనాలే వాడతారు, ముఖ్యంగా గంధకం ఉన్న మిథైల్ టిన్ మెర్‌క్యాప్టైడ్‌లు. ఎంత శక్తిమంతమైనవంటే వంద పాళ్ల రెసిన్‌కు అర పాలు కూడా పట్టదు. అద్దంలా పారదర్శకంగా ఉండే సరుకుకు తగరాన్ని మించినది లేదు. 1959లో ఫ్రై, హోర్స్ట్ అనే ఇద్దరు పరిశోధకులు రేడియోధార్మిక గుర్తులు పెట్టిన స్టెబిలైజర్లను వాడి, అవి ఆమ్లాన్ని పట్టుకోవడంతో ఆగకుండా పాలిమర్ గొలుసుకే వచ్చి అతుక్కుంటున్నాయని చూపించారు. వాషరు సిద్ధాంతానికి గట్టి ఆధారం అదే. తగరంతో చిక్కల్లా వాసన. కుళ్లిన ఉల్లిపాయను గుర్తుచేసే ఆ గంధకపు కంపు పక్కన నిలబడి పనిచేసేవాళ్లకే తెలుసు.

నూనె ముక్కిపోయినట్టే

ఇప్పటిదాకా చెప్పిందంతా పీవీసీ గోల. మన ఇళ్లలో కుర్చీలు, డబ్బాలు, బియ్యం సంచులుగా కనిపించే పాలీప్రొపిలీన్‌లో క్లోరిన్ ఉండదు. దాన్ని 200 నుంచి 280 డిగ్రీల దాకా వేడి చేస్తారు. దాని శత్రువు ఆమ్లం కాదు, గాలి.

పాలీప్రొపిలీన్ గొలుసులో ఒకటి విడిచి ఒక కార్బన్‌కు పక్కకొమ్మ ఉంటుంది. ఆ కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడుతుంది. వేడికి, స్క్రూ నలుపుడుకు ఒక హైడ్రోజన్ ఊడితే అక్కడ స్వేచ్ఛా రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్‌తో దేనికైనా అతుక్కోవాలని చూసే చురుకైన అణువు) ఏర్పడుతుంది. గాలిలోని ఆక్సిజన్ దానికి అంటుకుంటుంది. అలా తయారైన పెరాక్సీ రాడికల్ పక్క గొలుసు హైడ్రోజన్‌ను లాక్కుని హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది. పక్క గొలుసు ఇప్పుడు రాడికల్ అయింది. హైడ్రోపెరాక్సైడ్ ఒక్కటి విరిగితే రెండు కొత్త రాడికల్స్ పుడతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. చివరికి గొలుసులు తెగి ముక్కలవుతాయి, వస్తువు పెళుసెక్కుతుంది. ఈ మెట్లన్నిటినీ 1940లలో బ్రిటన్‌లో బోలండ్, జీ అనే శాస్త్రవేత్తలు రబ్బరు పరిశోధనలో భాగంగా వివరించారు. వాళ్లు పరీక్షించిన పదార్థాల్లో నూనెల్లో ఉండే ఆమ్లాల బంధువులు కూడా ఉన్నాయి. డబ్బాలో నెలల తరబడి ఉన్న నూనె ముక్కిపోవడం, ప్లాస్టిక్ వేడికి చెడడం ఒకే రసాయన చర్యకు రెండు రూపాలు.

కాబట్టి మందు కూడా ఒకే కుటుంబానిదే. చిప్స్, వంటనూనెల్లో బీహెచ్‌టీ అని, టీబీహెచ్‌క్యూ అని ఫినాల్ జాతి యాంటీఆక్సిడెంట్లను (ఆక్సిజన్ దాడిని అడ్డుకునే పదార్థాలను) అనుమతించిన పరిమితిలో వాడతారు. ప్లాస్టిక్‌లో వాటి పెద్దన్నలను వాడతారు, వేడికి ఆవిరైపోకుండా నాలుగు ఫినాల్ అణువులను ఒకే గొడుగు కింద కట్టినవి. ఫినాల్ తన హైడ్రోజన్‌ను రాడికల్‌కు ఇచ్చి దాన్ని శాంతింపజేస్తుంది. దాని పక్కనే ఫాస్ఫైట్ అనే రెండో కాపలాదారు హైడ్రోపెరాక్సైడ్‌ను అది విరిగేలోపే మామూలు ఆల్కహాల్‌గా మార్చేస్తుంది, తాను ఫాస్ఫేట్ అవుతుంది. మెషీన్‌లో ఉన్నంతసేపు ఎక్కువ భారం ఫాస్ఫైట్ మోస్తుంది. ఫినాల్ ఆదా అయి వస్తువు బతికినంతకాలం పనికొస్తుంది. ఒక్కొక్కటి కిలోకు గ్రాము, అటూ ఇటూ. బయట ఎండలో కుర్చీ పగలడం మాత్రం వేరే సంగతి. అక్కడ అతినీలలోహిత కిరణాలు, వాటికి వేరే మందులు.

మళ్లీ అదే ప్రశ్న వేద్దాం. పని అయ్యాక ఫినాల్ ఏమవుతుంది? క్వినోన్ జాతి పదార్థంగా మారుతుంది. దాని రంగు పసుపు. పాలిథీన్ సంచిలో మడిచి బీరువాలో దాచిన తెల్లపట్టు చీర, ఎవరూ కట్టకుండానే మడతల దగ్గర పసుపెక్కడం మీరు చూసే ఉంటారు. దానికి ఉన్న కారణాలలో ఇదొకటి. కొన్ని సంచుల్లో ఉండే బీహెచ్‌టీ మెల్లగా బట్టలోకి చేరుతుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లు దానితో కలిస్తే పసుపు రంగు పుడుతుంది. చీర తప్పు లేదు, చాకలి తప్పు అసలే లేదు. పట్టుచీరలను పాత నూలు పంచెలో చుట్టి పెట్టమని అమ్మమ్మలు చెప్పడం ఈ రసాయనం తెలిసి కాదు, కానీ మాట సరైనదే.

పాత పైపు మళ్లీ వేడెక్కితే

కాపాడాక మిగిలేది మరీ పెద్ద తలనొప్పి అయ్యేది రీసైక్లింగ్‌లో. ఒకసారి పైపుగా మారిన పీవీసీలో స్టెబిలైజర్ కొంత ఖర్చయిపోయి ఉంటుంది. తుక్కు చేసి మళ్లీ కరిగిస్తే మిగిలినదీ ఖర్చవుతుంది. కాబట్టి తుక్కుకు కొత్త స్టెబిలైజర్ అదనంగా కలపాలి. ఎంత కలపాలో తెలియాలంటే ఎంత మిగిలిందో తెలియాలి. దీనికి కాంగో రెడ్ పరీక్ష అని పాతకాలపు పద్ధతి ఒకటి ఇప్పటికీ చలామణిలో ఉంది. పరీక్ష నాళికలో కొంచెం పొడి వేసి, పైన ఎర్రటి కాంగో రెడ్ కాగితపు ముక్కను వేలాడదీసి, నాళికను 200 డిగ్రీల నూనెలో దించుతారు. చేతిలో స్టాప్‌వాచ్. స్టెబిలైజర్ ఉన్నంతసేపు కాగితం ఎర్రగానే ఉంటుంది. అది అయిపోయిన క్షణం నుంచి ఆమ్లపు ఆవిరి పైకి లేచి కాగితం అంచు నీలంగా మారడం మొదలవుతుంది. ఎన్ని నిమిషాలు పట్టిందన్నదే ఆ పైపులో మిగిలి ఉన్న ఆయుష్షు. ఇంత సూటిగా జవాబు చెప్పే పరీక్షలు రసాయన శాస్త్రంలో తక్కువ.

సమయం తెలిసింది సరే, లోపల ఏ స్టెబిలైజర్ ఉందో తెలియదు. అక్కడే అసలు చిక్కు. సీసం వేసిన పాత తుక్కును, గంధకం ఉన్న తగరపు స్టెబిలైజర్ వేసిన సరుకుతో కలిపితే లెడ్ సల్ఫైడ్ తయారవుతుంది. అది నల్లగా ఉంటుంది. తెల్లగా రావాల్సిన పైపు మీద బూడిదరంగు చారలు పడతాయి, ఒక్క సంచి తుక్కు చాలు బ్యాచ్ మొత్తాన్ని పాడుచేయడానికి. కాల్షియం, జింకు సరుకుతో కలిపితే చారలు రావు, కానీ సీసం కంటికి కనబడకుండా కొత్త పైపులోకి వచ్చేస్తుంది. ఇది చారల కన్నా ప్రమాదం. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నియమం పీవీసీ వస్తువుల్లో సీసాన్ని 0.1 శాతానికి పరిమితం చేస్తూనే, తుక్కు నుంచి తీసిన గట్టి పీవీసీతో చేసే కొన్ని వస్తువులకు 2033 దాకా 1.5 శాతం వరకు మినహాయింపు ఇచ్చింది. పాత కిటికీ చట్రాలను కాల్చడమా, పూడ్చడమా, సీసంతో సహా మళ్లీ కొత్త చట్రం లోపలి పొరలో దాచడమా అన్న మూడు దారుల్లో మూడోదాన్ని ఎంచుకున్నారు. తప్పని చెప్పలేను. నీళ్ల పైపులకు మాత్రం ఆ దారి వద్దు.

1980లు, 90లలో మన పొలాల్లో పాతిన పైపులు ఇప్పుడు ఒక్కొక్కటిగా బయటికొస్తున్నాయి. బోర్లు ఎండి కొన్ని, రోడ్లు వెడల్పయి కొన్ని. పాత ఇనుప సామాన్ల బండి మీద అవి తుక్కు మిల్లు చేరతాయి. పైన చెరిగిపోయిన ఐఎస్ఐ గుర్తు కనబడుతుంది, లోపల ఏముందో కనబడదు. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ తుపాకీ (లోహాలను గుర్తుపట్టే చేతి పరికరం) పైపు మీద ఆనించి మీట నొక్కితే కొన్ని సెకన్లలో సీసం ఎంతో తెర మీద అంకె వస్తుంది. ఆ తుపాకీ లేని మిల్లులో పాత పైపూ కొత్త పైపూ ఒకే గ్రైండర్‌లో పడతాయి. ఆ తుక్కు పొడి ఒకే సంచిలోకి దిగుతుంది.